నలుగురు డాక్టర్లు కలిసి క్లినిక్ పెట్టుకోవాలంటే: మొదటి కాగితం నుంచి విడిపోయే రోజు లెక్క వరకు

నెల్లూరు పొగతోటలో గానీ ఒంగోలు కర్నూలు రోడ్డులో గానీ అద్దె, స్కానింగ్ మిషను, ల్యాబు, రిసెప్షన్ జీతాలు ఒక్కరే మోయడం కష్టం. ముగ్గురు నలుగురు ఒక కప్పు కిందికి వస్తే ఆ బరువు తగ్గుతుంది. పేషెంటుకు ఇంకా మేలు. వింజమూరు నుంచో పొదిలి నుంచో పొద్దున్నే బస్సెక్కిన మనిషి తన షుగరు, మోకాలు చూపించుకుని, కోడలి కాన్పు చెకప్పు కూడా ఒక్క పూటలో ముగించి, సాయంత్రం బస్సుకు ఊరు చేరతాడు. ఇలాంటి క్లినిక్కుల్లో వైద్యం విషయంలో గొడవలు అరుదు. క్యాష్ కౌంటరు, రాత్రి ఫోను, ఒకరు బయటికి పోయేటప్పటి లెక్క, ఈ మూడు చోట్లే తేడాలొస్తాయి. అందుకే బోర్డు కట్టకముందే ఈ మూడింటినీ కాగితం మీద పెట్టండి.

ముందు మనుషులు

మొదటిసారి ముగ్గురు, ఎక్కువంటే నలుగురు చాలు. ఫిజీషియన్, పిల్లల డాక్టరు, గైనకాలజిస్టు, ఎముకల డాక్టరు అనే కూర్పు నిలబడుతుంది. ఒకరి పేషెంటుకు ఇంకొకరు అవసరపడతారు, ఒకరి ఓపీ ఇంకొకరికి పోదు. ఒకే విభాగం వాళ్లు ఇద్దరుంటే టోకెన్లు ఎలా పంచాలో ముందే రాయండి. పేరు చెప్పి వచ్చినవాళ్లు ఆ డాక్టరుకే, చెప్పకుండా వచ్చినవాళ్లు వంతుల వారీగా. దీన్ని రిసెప్షన్‌లో కూర్చునే అమ్మాయి ఇష్టానికి వదిలేస్తే నెల తిరక్కుండానే అనుమానాలు పుడతాయి.

తర్వాత ఐదు ప్రశ్నలకు ఎవరికి వాళ్లు విడిగా జవాబులు రాసి, ఒకచోట కూర్చుని చదవండి. వారానికి ఎన్ని రాత్రులు ఫోను ఎత్తగలరు? వేరే ఆసుపత్రికి కూడా వెళ్తారా? ఐదేళ్లలో పడకలు పెట్టాలనుందా? ఆర్‌ఎంపీలకు కమీషన్ ఇస్తున్నారా? ఇంట్లోవాళ్లను ఎవరినైనా ఇక్కడ పనిలో పెట్టాలనుందా?

నాలుగో ప్రశ్న దగ్గర జవాబులు కలవకపోతే అక్కడితో ఆపేయండి. పేషెంటును పంపినందుకు డబ్బివ్వడాన్నీ, పుచ్చుకోవడాన్నీ, ఫీజులో వాటా పంచడాన్నీ 2002 నాటి వైద్య వృత్తి నియమావళి నిషేధించింది. ఒకరు కటింగ్ ఇస్తుంటే ఆ మచ్చ నలుగురికీ అంటుతుంది. పైగా ఆ డబ్బు చివరికి పేషెంటు జేబులోంచే రావాలి.

ఐదో ప్రశ్నకు ఒక నియమం చాలు. బంధువు పనిలో ఉండొచ్చు గానీ కొనుగోలు, నగదు రెండూ ఒక్క చేతిలో ఉండకూడదు. బావమరిది మందుల షాపు చూసుకుంటే బిల్లులు ఇంకొకరు సరిచూడాలి. నలుగురిలో ఇద్దరు భార్యాభర్తలైతే వాళ్లకు రెండు ఓట్లా, ఒకటా అన్నది కూడా మొదటే తేల్చండి. మొహమాటపడి ఈ మాట దాటేస్తే, తర్వాత ప్రతి నిర్ణయంలోనూ మిగతా ఇద్దరికీ తాము ఓడిపోయినట్టే అనిపిస్తుంది.

ఏ పద్ధతిలో కలవాలి

మొదటి ఆరు నెలలు ఖర్చులు మాత్రమే పంచుకునే పద్ధతిలో నడపమని మా సలహా. ఎవరి పాన్ వాళ్లది, ఎవరి రసీదు పుస్తకం వాళ్లది, ఎవరి క్యూఆర్ కోడ్ వాళ్లది. ఉమ్మడి ఖర్చులకు ఒక బ్యాంకు ఖాతా తెరిచి అందరూ అందులో వేస్తారు. ఇందులో ఒక చిక్కుంది. అద్దె ఒప్పందం ఒక్క డాక్టరు పేరున ఉండి, ఆయన మిగతావాళ్ల దగ్గర గది అద్దె తీసుకుంటే అది పన్ను పడే ఆదాయం. వైద్యం ఫీజుకు జీఎస్టీ లేకపోయినా, జీఎస్టీకి ఉన్న ఏడాదికి 20 లక్షల రాబడి పరిమితి దాటారా లేదా అని చూసేటప్పుడు ఆ ఫీజులూ కలిపే లెక్కేస్తారు. కాబట్టి ఒప్పందం అందరి పేర్లతో రాయించండి. లీజును రిజిస్టర్ చేయించాలి. భవనం మీలో ఒకరిదే అయితే అద్దె, ఏటా పెరిగే శాతం, ఖాళీ చేయించే గడువు బయటి యజమానితో రాసుకున్నంత పక్కాగా రాసుకోండి.

ఆరు నెలల తర్వాత కుదురుతుందనిపిస్తే భాగస్వామ్య సంస్థగానో, ఎల్‌ఎల్‌పీ (పరిమిత బాధ్యత భాగస్వామ్యం)గానో మారండి. 1932 భాగస్వామ్య చట్టం కింద పెట్టే మామూలు సంస్థలో సంస్థ పేరున ఒకరు చేసిన బాకీకి మిగతావాళ్ల ఇల్లూ వాకిలీ కూడా జవాబు చెప్పాలి. ఎల్‌ఎల్‌పీలో ఆ బాధ్యత పెట్టుబడి వరకే. అయితే ఎవరి నిర్లక్ష్యానికి వాళ్లు ఎప్పుడూ సొంతంగానే బాధ్యులు. ఎల్‌ఎల్‌పీకి ఏటా మే 30లోగా ఫారం 11, అక్టోబరు 30లోగా ఫారం 8 వేయాలి. మరిచిపోతే ఆలస్యాన్ని బట్టి అపరాధ రుసుము పడుతుంది.

ఒప్పందంలో ఏం రాయాలి

మీరు రాయని చోట చట్టం తన మాట పెడుతుంది, అది మీరు అనుకున్నదానికి దూరంగా ఉండొచ్చు. లాభం పంపకం రాయకపోతే పెట్టుబడి ఎంతైనా అందరికీ సమానం. చావు సంగతి రాయకపోతే ఒక భాగస్వామి పోయిన రోజే సంస్థ రద్దు. వెళ్లిపోయినవాళ్ల లెక్క తేల్చకుండా వాళ్ల సొమ్ముతో వ్యాపారం సాగిస్తే, వాళ్లు లాభంలో వాటా అయినా అడగొచ్చు, 6 శాతం వడ్డీ అయినా అడగొచ్చు. సంస్థను రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్ దగ్గర నమోదు చేయకపోతే ఒప్పందం హక్కుల మీద కోర్టుకెక్కే దారే మూసుకుపోతుంది.

డబ్బు నిర్ణయాలకు గీతలు గీయండి. ఉదాహరణకు 10,000 వరకు మేనేజరు, 50,000 వరకు ఇద్దరు డాక్టర్ల సంతకం, అంతకు మించితే అందరూ. అప్పు తేవడానికి, కొత్త భాగస్వామిని చేర్చడానికి అందరూ ఒప్పుకోవాలి. గొడవ తేలకపోతే ఎవరి దగ్గరికి వెళ్లాలో మనిషిని పేరుతో రాయండి. డాక్టర్ల సంఘం ఐఎంఏ స్థానిక శాఖలో నలుగురూ గౌరవించే పెద్ద డాక్టరు ఒకరైతే బాగుంటుంది.

అనుమతులు

ప్రైవేటు వైద్య సంస్థల 2002 చట్టం కింద డీఎంహెచ్‌ఓ (జిల్లా వైద్య ఆరోగ్యాధికారి) దగ్గర రిజిస్ట్రేషన్ తప్పనిసరి. పడకలు లేని ఓపీ క్లినిక్కుకూ ఇది వర్తిస్తుంది, ఐదేళ్లకోసారి రెన్యువల్. ప్రతి డాక్టరు ఏపీ మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్, పీజీ డిగ్రీ నమోదు చెల్లుబాటులో ఉండాలి. ఆ నంబరు గదిలోనూ, ప్రతి ప్రిస్క్రిప్షన్ మీదా కనబడాలి. ఉమ్మడి లెటర్‌హెడ్ మీద నాలుగు పేర్లు వేసి ఎవరు రాశారో తెలియకుండా సంతకం గీయడం తరచూ జరిగే తప్పు. ఎవరి చీటీ వాళ్లకు అచ్చు వేయించండి.

వ్యర్థాల విషయంలో 2016 నిబంధనల ప్రకారం నాలుగు రంగులు. రక్తం అంటిన దూది, కట్లు పసుపు సంచిలోకి. సెలైన్ గొట్టాలు, గ్లవ్స్, సూది తీసిన సిరంజి ఎరుపులోకి. సూదులు, బ్లేడ్లు గుచ్చుకోని తెల్ల డబ్బాలోకి. గాజు సీసాలు నీలం డబ్బాలోకి. శుద్ధి చేయని వ్యర్థాన్ని 48 గంటలకు మించి ఉంచకూడదు. నలుగురి గదుల్లోనూ డబ్బాలు ఒకే వరుసలో పెట్టండి. గదికో వరుస అయితే ఊడ్చే ఆయమ్మ చేతికే సూది గుచ్చుకుంటుంది.

స్కానింగ్ మిషను దగ్గర ఏమాత్రం సడలింపు వద్దు. కడుపులో బిడ్డ ఆడో మగో చెప్పడాన్ని నిషేధించే 1994 పీసీపీఎన్‌డీటీ చట్టం కింద రిజిస్ట్రేషన్‌లో ఏ డాక్టరు పేరుందో ఆ డాక్టరే ప్రోబ్ పట్టుకోవాలి. గైనకాలజిస్టు సెలవులో ఉన్నారని పక్క గది డాక్టరు 'ఒక్కసారి చూస్తా' అంటే మిషను సీలు పడొచ్చు, కేసు అందరి మెడకూ చుట్టుకోవచ్చు. కొత్త డాక్టరునో, మిషనునో చేర్చాలంటే 30 రోజుల ముందే తెలియజేయాలి. గర్భిణికి చేసిన ప్రతి స్కానుకూ ఫారం ఎఫ్ నింపాలి. నెల నివేదిక తర్వాతి నెల 5వ తేదీలోగా చేరాలి. ఈ పనికి ఒక మనిషినీ, ఆ మనిషి రానప్పుడు చేసే రెండో మనిషినీ పేర్లతో రాసి గోడకు అంటించండి.

ఇండెమ్నిటీ పాలసీ (వైద్యంలో పొరపాటు జరిగితే పరిహారం భరించే బీమా) ఎవరికి వాళ్లకు ఉంటే సరిపోదు. నర్సు ఇంజెక్షన్ మారిస్తే నోటీసు క్లినిక్ పేరున వస్తుంది, డాక్టరు సొంత పాలసీ దాన్ని మోయకపోవచ్చు. సంస్థకు విడిగా తీసుకోండి.

ఒకటే ఫైలు

కలిసి పనిచేయడంలోని అసలు ప్రయోజనం ఈ ఫైల్లోనే ఉంది. ఎక్కువ ఓపిక పెట్టాల్సిందీ ఇక్కడే. ఏ గదికి వెళ్లినా పేషెంటుకు ఒకే నంబరు, ఒకే ఫైలు. మొదటి పేజీలో పైన ఎర్ర సిరాతో పడని మందులు. దాని కింద ఉన్న జబ్బులు, ఇప్పుడు వాడుతున్న మందులు డోసుతో సహా. చివరి క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చూపే రక్తపరీక్ష), తేదీతో. ఆడవాళ్లకు చివరి నెలసరి తేదీ. ఏ డాక్టరు మందు మార్చినా ముందు ఆ పేజీ దిద్ది, తర్వాత చీటీ రాయాలి.

ఇది ఎందుకంత ముఖ్యమో ఒక ఉదాహరణ చూడండి. కనిగిరి, దర్శి, ఉదయగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగిన ఊళ్ల నుంచి నడుము, మోకాళ్ల నొప్పులతో చాలామంది వస్తారు. ఊళ్లో నొప్పి బిళ్లలు ఏళ్ల తరబడి మింగి ఉంటారు. ఫిజీషియన్ బీపీకి టెల్మిసార్టాన్‌తో పాటు నీరు తీసే మందు కలిపిన బిళ్ల ఇచ్చి ఉంటారు. ఎముకల డాక్టరు ఆ సంగతి తెలియక ఎటోరికాక్సిబ్ అనే నొప్పి మందు రాస్తే బీపీ పెరగొచ్చు. ఫిజీషియన్ మందు సరిపోలేదనుకుని డోసు పెంచుతారు. ఈ మూడు రకాల మందులూ కలిసిన చోట, ముఖ్యంగా ఎండాకాలంలో ఒంట్లో నీరు తగ్గినప్పుడు, కిడ్నీలు హఠాత్తుగా దెబ్బతినొచ్చు. రెండు గదుల మధ్య పది అడుగులే ఉన్నా ఫైళ్లు రెండైతే ఈ ప్రమాదం తప్పదు. క్రియాటినిన్ చూడకుండా వారానికి మించి నొప్పి మందు ఎవరూ రాయకూడదని నలుగురూ ఒక మాట అనుకోండి.

పక్క గదికి పంపేటప్పుడు 'చూడగలరు' అని రాసి వదిలేయకండి. ఏం అనుమానిస్తున్నారు, ఏం చేశారు, ఏం తేల్చాలి, ఈ మూడు ముక్కలు రాయండి. చూసినవాళ్లు అదే రోజు జవాబు రాయాలి. అభిప్రాయం తేడా వస్తే తలుపు వేసుకుని మాట్లాడుకుని, పేషెంటు ముందుకు ఒకే మాటతో రండి. 'ఆ మందు ఎవరు రాశారు?' అని పేషెంటు ముందు అనేస్తే ఆ మనిషికి ఇద్దరి మీదా నమ్మకం పోతుంది, మందు మధ్యలో మానేస్తాడు. చెన్నైకో గుంటూరుకో పంపాల్సి వస్తే ఒక పేజీ సారాంశం, రిపోర్టుల కాపీలు చేతికివ్వండి. రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలన్నది నియమం. ఇన్‌పేషెంట్ రికార్డులు మూడేళ్లు దాచాలి.

రాత్రి ఫోను, సెలవులు

క్లినిక్కుకు ఒకే మొబైల్ నంబరు. అది చేతులు మారుతుంది, డాక్టర్ల సొంత నంబర్లు పేషెంట్లకు వెళ్లవు. నలుగురుంటే సోమవారం నుంచి గురువారం దాకా తలా ఒక రాత్రి ఖాయంగా, శుక్రవారం నుంచి ఆదివారం దాకా మూడు రాత్రులూ ఒకరే, అది వారానికొకరు మారుతూ. నాలుగు వారాల్లో ఒక్కొక్కరికి ఏడు రాత్రులు పడతాయి, లెక్క సమం. రాత్రి 8 నుంచి పొద్దున 8 వరకు.

పసిబిడ్డ జ్వరానికి ఎముకల డాక్టరుకు ఫోను వస్తే ఏమిటన్న ప్రశ్న మొదటి వారమే వస్తుంది. ఫోను ఎత్తినవాళ్ల పని ప్రమాదం ఉందా లేదా తేల్చి, ఉంటే 108కి, పెద్దాసుపత్రికి దారి చూపడం. మిగతాది ఆ విభాగం డాక్టరుకు. ఏ లక్షణాలకు ఆ డాక్టరును నిద్ర లేపాలో ప్రతి ఒక్కరూ ఒక పేజీ రాసివ్వండి. పిల్లల డాక్టరు పేజీలో మూడు నెలల లోపు బిడ్డకు 100.4 డిగ్రీల జ్వరం, పాలు తాగకపోవడం, ఫిట్స్, డొక్కలు ఎగరేస్తూ ఊపిరి పీల్చడం ఉంటాయి. గైనకాలజిస్టు పేజీలో రక్తస్రావం, ఉమ్మనీరు పోవడం, బీపీతో తలనొప్పి, కళ్లు మసకబారడం, బిడ్డ కదలిక తగ్గడం ఉంటాయి.

పొద్దున అప్పగింతకు పది నిమిషాలు. ఎవరు ఫోను చేశారు, ఏం చెప్పాం, ఇవాళ ఎవరు రావాలి. పడకలుంటే ఇంకొకటి కలపండి: ఇంట్లోవాళ్లకు ఏం చెప్పాం. అందరూ మరిచిపోయేది ఇదే. రాత్రి డాక్టరు 'పరవాలేదు' అని, పొద్దున డాక్టరు 'సీరియస్' అంటే తగాదా అక్కడే మొదలవుతుంది.

ఈ జిల్లాల్లో ఎక్కువ వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి, జ్వరాలూ అప్పుడే. ఆ మూడు నెలలు ఫిజీషియన్, పిల్లల డాక్టరు ఒకేసారి సెలవు పెట్టకూడదు. ఏడాదికి తలా 24 రోజులనుకుంటే జనవరిలోనే క్యాలెండరు మీద గీసేయండి. దర్గామిట్ట వైపు క్లినిక్ అయితే రొట్టెల పండగ రోజుల్లో రోడ్లు మూసుకుపోతాయి. చెకప్పు తేదీలు ఆ వారం మీదికి వేయకండి.

నెలాఖరు లెక్క

అన్నిటినీ సమానంగా పంచితే ఎక్కువ ఓపీ ఉన్నవాళ్లు రెండేళ్లలో వెళ్లిపోతారు. అంతా ఓపీని బట్టి పంచితే కొత్తగా వచ్చిన డాక్టరు నిలబడలేరు. రెండూ కలపండి. ఓపీ ఉన్నా లేకున్నా అయ్యే ఖర్చులు, అంటే అద్దె, వాచ్‌మన్, రిసెప్షన్ జీతాలు, సమానంగా. మనుషులు పెరిగితే పెరిగేవి, అంటే నర్సుల జీతం, కరెంటు, దూది, కాగితం, ఓపీ సంఖ్యను బట్టి.

ఒక ఊహా లెక్క చూడండి. నెలకు ఫిజీషియన్ ఓపీ 1,200, పిల్లల డాక్టరు 900, ఇద్దరికీ ఫీజు 300. గైనకాలజిస్టు 600, ఎముకల డాక్టరు 300, వీళ్లకు ఫీజు 400. రాబడి వరుసగా 3,60,000, 2,70,000, 2,40,000, 1,20,000. సమాన ఖర్చు 2,00,000, తలా 50,000. ఓపీ ఖర్చు 1,20,000, దాన్ని 3,000 ఓపీతో భాగిస్తే మనిషికి 40 రూపాయలు. అంటే 48,000, 36,000, 24,000, 12,000. రాబడిలో 5 శాతం నిధికి పక్కన పెడితే చేతికొచ్చేది 2,44,000, 1,70,500, 1,54,000, 52,000. నిధిలో పడేది నెలకు 49,500. మిషను పాడైనప్పుడు, ఇన్సూరెన్సు బిల్లులు ఆలస్యమైనప్పుడు జీతాలు ఆగకుండా ఆదుకునేది అదే. ప్రభుత్వ వైద్య సేవ పథకంలో చేరాలనుకుంటే కనీసం నాలుగు నెలల ఖర్చు నిధిలో ఉన్నాకే చేరండి.

రివ్యూల దగ్గర చిన్న రాయి తగులుతుంది. వారంలోగా ఉచితంగా చూస్తామని బోర్డు పెడతారు, ఆ వారం ఆ డాక్టరు సెలవులో ఉంటారు, పక్కవాళ్లు ఊరికే చూడాలి. చూసినవాళ్లకు మొదటి డాక్టరు ఖాతా నుంచి రివ్యూకు 100 రూపాయలు మార్చండి. చేసిన పనికి ఇచ్చేది కాబట్టి ఇందులో తప్పు లేదు.

ల్యాబు, మందుల షాపు లాభం మాత్రం ఎవరు ఎన్ని పరీక్షలు రాశారన్న లెక్కన ఎన్నటికీ పంచకండి. అలా పంచితే అది కమీషనే. అవసరం లేని పరీక్ష రాయాలన్న ఆశ మీలో మీరే పెంచుకున్నట్టవుతుంది. పెట్టుబడి వాటా ప్రకారం పంచండి, ఎవరెన్ని రాశారన్న పట్టిక నెలాఖరు సమావేశంలో అసలు చూపించకండి.

రోజువారీ నగదు సాయంత్రమే లెక్కపెట్టి మర్నాడు బ్యాంకులో వేయాలి. నగదు తీసుకునే మనిషి, లెక్క రాసే మనిషి వేరుగా ఉండాలి. ఒకే మనిషి నుంచి రోజుకు 2 లక్షలు, అంతకు మించి నగదు తీసుకోకూడదు. సంస్థగా మారాక భాగస్వామికి ఇచ్చే జీతం, వడ్డీ ఏడాదికి 20,000 దాటితే 10 శాతం టీడీఎస్ (చెల్లించేటప్పుడే పట్టుకునే ఆదాయపు పన్ను) కోయాలి. 2025 ఏప్రిల్ నుంచి వచ్చిన ఈ నియమం ఆడిటరుతో మాట్లాడి మొదటి నెల నుంచే పాటించండి.

ఎవరి పనో తెలియని పనులు

వ్యాక్సిన్ ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీలు ఉందా అని రోజుకు రెండుసార్లు చూసి రాయాలి. ఎమర్జెన్సీ ట్రేలో అడ్రినలిన్ గడువు నెలకోసారి చూడాలి. పెద్దవాళ్లకు ఇంజెక్షన్ పడక షాక్ వస్తే తొడ కండరానికి 0.5 మిల్లీ లీటరు అని ట్రే మూత మీదే రాసి ఉంచండి. 1,500 లీటర్ల బి టైపు ఆక్సిజన్ సిలిండర్ నిమిషానికి 5 లీటర్ల చొప్పున 5 గంటలే వస్తుంది. తిప్పే తాళం దానికే కట్టి ఉండాలి. ఈ ఒక్కో పనికీ ఒక డాక్టరు పేరు రాయండి. పేరు లేకపోతే నలుగురూ ఇంకొకరు చూశారనే అనుకుంటారు.

విడిపోయేటప్పుడు

అందరూ నవ్వుతూ ఉన్న రోజే ఈ భాగం రాసుకోవాలి. మూడు నెలల నోటీసు. వెళ్లేవాళ్ల పెట్టుబడి 12 నెలసరి వాయిదాల్లో వాపసు. మిషన్ల విలువ ఏటా ఎంత తగ్గుతుందో పట్టికగా ఒప్పందానికి జతచేయండి. 12 లక్షల స్కానింగ్ మిషనుకు ఎనిమిదేళ్ల ఆయుష్షు అనుకుంటే ఏడాదికి లక్షన్నర తగ్గుతుంది, మూడేళ్ల తర్వాత విలువ ఏడున్నర లక్షలు. అప్పటికప్పుడు బేరమాడుకోవాల్సిన పని ఉండదు.

వెళ్లిన డాక్టరు ఎదురు భవనంలోనే బోర్డు పెట్టకుండా షరతు రాసుకోవచ్చు. దూరం, కాలం సమంజసంగా ఉంటే భాగస్వామ్య చట్టం ఒప్పుకుంటుంది. కిలోమీటరు, ఏడాది చాలు. జిల్లా మొత్తం వద్దంటే నిలబడకపోవచ్చు. స్కానింగ్ రిజిస్ట్రేషన్ నుంచీ, డీఎంహెచ్‌ఓ రికార్డు నుంచీ, బ్యాంకు సంతకాల నుంచీ, ఇండెమ్నిటీ పాలసీ నుంచీ పేరు తీయించడానికి ఒక పట్టిక పెట్టుకుని ఒక్కొక్కటే కొట్టేయండి.

ఒరిజినల్ ఫైళ్లు క్లినిక్కులో ఉంటాయి, పేషెంటు అడిగితే కాపీ ఇస్తారు. వెళ్లిన డాక్టరు కొత్త చిరునామా, ఫోను నంబరు 90 రోజులు రిసెప్షన్ దగ్గర బోర్డు మీద ఉండాలి. 'ఆ డాక్టరమ్మ ఎక్కడున్నారు?' అని ఏడో నెల గర్భిణి అడిగితే రిసెప్షన్ అమ్మాయి తడుముకోకుండా చెప్పగలగాలి.